బోగస్ కార్డుల వార్త వస్తే ఏం చూడాలి, మీ పేరే పోతే ఏం చేయాలి

‘జిల్లాలో వేలల్లో బోగస్ కార్డులు’, ‘అనర్హుల ఏరివేత’, ‘ఖజానాకు కోట్లు ఆదా’. ఈ శీర్షికలు ఏటా రెండు మూడుసార్లు జిల్లా పేజీలో కనబడతాయి. రేషన్ కార్డయినా, పింఛనైనా, పీఎం కిసానైనా వార్త తయారయ్యే తీరు ఒకటే. సమీక్షా సమావేశంలో అధికారి ఒక అంకె చెబుతారు. ఆ అంకె ముందు ‘బోగస్’ అన్న మాట చేరుతుంది. తెల్లారేసరికి ఆ మాట ఊళ్లో పేరు పోయిన ప్రతి ఇంటికీ అంటుకుంటుంది. అందులో నిజంగా మోసం చేసినవాళ్లు ఎందరో, కంప్యూటరు పొరపాటుకు బలైనవాళ్లు ఎందరో ఎవరూ విడదీసి చూడరు.

మండలంలో వార్తలు రాసే కంట్రిబ్యూటర్లకు, పేరు పోయినవాళ్లకు అర్జీలు రాసిపెట్టేవాళ్లకు, పేరు పోయి తిరుగుతున్నవాళ్లకు పనికొచ్చేలా ఇది రాస్తున్నాం. మొదటి నాలుగు పనులు వార్తను పరీక్షించడానికి, చివరిది పేరు పోయినవాళ్ల కోసం.

1. అంకె పక్కనున్న క్రియను చదవండి

‘గుర్తించారు’, ‘నిలిపివేశారు’, ‘రద్దు చేశారు’, ‘కేసు పెట్టారు’, ‘కోర్టులో రుజువైంది’. ఈ ఐదింటి మధ్య నెలల దూరం, కొన్నిసార్లు ఏళ్ల దూరం ఉంటుంది. ‘గుర్తించారు’ అంటే చాలాసార్లు ఒక జాబితాను ఇంకో జాబితాతో కంప్యూటర్లో పోల్చితే వచ్చిన అనుమానాలు, అంతే. ఎవరూ ఇంటికెళ్లి చూసి ఉండరు. ‘నిలిపివేశారు’ అంటే విచారణ ఇంకా మిగిలే ఉంది. ‘రద్దు’ అంటే ఉత్తర్వు వచ్చింది. అయినా మోసం రుజువైందని దాని అర్థం కాదు, ఎందుకంటే చనిపోయినవారి కార్డూ రద్దే, పెళ్లయి అత్తారింటికి వెళ్లిన ఆడపిల్ల పేరు తీసినా రద్దే.

అధికారి అంకె చెప్పగానే అడగాల్సిన ప్రశ్న ఇది: ‘వీటిలో ఎన్నింటికి నోటీసు ఇచ్చారు, ఎన్ని ఇళ్లకు వెళ్లి చూశారు, ఎన్నింటి మీద కేసు పెట్టారు?’ ఈ మూడు అంకెలూ లేకపోతే వార్తలో ‘బోగస్’ అని రాయకండి. ‘తొలగించిన కార్డులు’ అని రాయండి. మోసం అనదగ్గది మూడో అంకె నుంచే మొదలవుతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో తెలంగాణ అనుభవమే చెబుతుంది. 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాన్ని ఆదేశించింది. తిరిగి చూడమని 4,91,899 దరఖాస్తులొచ్చాయి. ఆ ఏడాది జూలై నాటికి చూసిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని శాఖే తేల్చింది. అంటే నూటికి ఏడెనిమిది. అసలు తమ కార్డు ఎందుకు పోయిందో తెలియనివాళ్లు, దరఖాస్తే పెట్టనివాళ్లు ఈ లెక్కలో లేరు. జార్ఖండ్‌లో పరిశోధకులు రద్దయిన కార్డుల ఇళ్లకు వెళ్లి చూసినప్పుడు దాదాపు 90 శాతం నిజమైన కుటుంబాలే తేలాయి. ఆ రద్దులను కూడా మొదట పత్రికలు దొంగ కార్డులనే రాశాయి.

2. అంకెను కారణాలవారీగా విడగొట్టించండి

పౌరసరఫరాల శాఖ దగ్గర ప్రతి తొలగింపుకీ కారణం నమోదై ఉంటుంది. మరణం, వలస, రెండు చోట్ల పేరు, ఆదాయం, భూమి, వాహనం, ప్రభుత్వోద్యోగం, ఈకేవైసీ (వేలిముద్రతో ఆధార్ సరిచూసుకోవడం) చేయకపోవడం, కొన్ని నెలలుగా బియ్యం తీసుకోకపోవడం. మండలాలవారీగా, కారణాలవారీగా పట్టిక ఇవ్వమని డీఎస్‌ఓను (జిల్లా పౌరసరఫరాల అధికారిని) అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పేర్లు అడగకండి, సంఖ్యలే అడగండి. పేర్లు అడిగితే వ్యక్తిగత సమాచారమని ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(జె) చూపించి తిప్పి పంపుతారు. సంఖ్యలకు ఆ అడ్డు లేదు.

పట్టిక చేతికొచ్చాక చివరి రెండు కారణాల మీద ఆగండి. ఈకేవైసీ కాలేదంటే మనిషి లేడని కాదు. మిర్చి కోతలకు, ఇటుక బట్టీలకు వెళ్లినవాళ్లు గడువులోపు రాలేకపోవచ్చు. సున్నం, సిమెంటు పనిచేసేవాళ్ల వేలిముద్రలు, ముసలివాళ్ల వేలిముద్రలు రేషన్ దుకాణంలోని ఈ-పోస్ యంత్రం మీద చాలాసార్లు పడవు. కంటిపాపతో గుర్తించే ఐరిస్ పరికరం ఆ దుకాణంలో పనిచేస్తోందో లేదో అడిగి చూడండి. ఇక ఆరు నెలలు బియ్యం తీసుకోని కార్డుల సంగతి. 2025 జూలైలో కేంద్రం చేసిన సవరణ ప్రకారం ఆ కార్డులను ముందు తాత్కాలికంగా ఆపి, మూడు నెలల్లో ఇంటింటి పరిశీలన, ఈకేవైసీ చేసి అప్పుడు తేల్చాలి. ఆపిన రోజే ‘దొంగ కార్డులు’ అని వార్త వస్తే, తేల్చకముందే తీర్పు చెప్పినట్టే. పైగా పాలమూరు నుంచి హైదరాబాద్ వచ్చిన కుటుంబం పోర్టబిలిటీ (ఏ ఊరి దుకాణంలోనైనా తీసుకునే వీలు) కింద హైదరాబాద్ దుకాణంలోనే బియ్యం తీసుకుంటూ ఉండొచ్చు. ఊళ్లో డీలరును అడిగితే ‘వాళ్లిక్కడ తీసుకోరు’ అంటాడు. ఆయన చెప్పింది నిజమే, కానీ దాంతో ఆ కుటుంబం లేనట్టు కాదు.

3. ఏ జల్లెడలో పట్టారో కనుక్కోండి

పొరపాట్లన్నీ పుట్టేది ఇక్కడే కాబట్టి దీనికి ఎక్కువ సమయం ఇవ్వండి. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ రవాణా, విద్యుత్తు, ఆస్తి పన్ను వంటి శాఖల రికార్డులను పేర్లు, చిరునామాల పోలికతో ఒకే మనిషి కిందికి చేరుస్తుంది. మన పేర్లతో వచ్చే చిక్కు మీకు తెలుసు. ఒకే వీధిలో నలుగురు శ్రీనివాస్‌లుంటారు, ఇంగ్లిషులో నాలుగు స్పెల్లింగులుంటాయి, ఒకరికి ఇంటిపేరు ముందు ఉంటే ఇంకొకరికి అసలుండదు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారుందని కార్డు తీసేశారు. ఆ కారు పేరు కలిసిన ఇంకొకరిది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 తర్వాత తెచ్చిన ఆరంచెల పరిశీలనలో గీతలు స్పష్టంగానే ఉన్నాయి. నెల ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 రూపాయలు. భూమి మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపితే 10. కరెంటు నెలకు 300 యూనిట్లు. పట్టణంలో ఇల్లు 1,000 చదరపు అడుగులు. నాలుగు చక్రాల వాహనం, ప్రభుత్వోద్యోగం, ఆదాయపు పన్ను ఉండకూడదు. గీత ఎక్కడుందన్నది అందరికీ తెలుసు. మనిషి ఆ గీతకు ఎటువైపు ఉన్నాడో చెప్పే రికార్డు సరైనదేనా అన్నది ఎవరూ చూడరు.

కరెంటు సంగతే దగ్గరగా చూడండి. మూడు వాటాల ఇల్లు, మీటరు ఒకటే. ఒక్కో వాటా నెలకు 110 యూనిట్లు కాల్చితే మొత్తం 330. ఆ సర్వీసు నంబరు ఎవరి ఆధార్‌కు తగిలించి ఉంటే వాళ్లు 300 దాటినట్టు. అద్దెకుండే కూలి మనిషి సర్వే రోజున చేతికందిన బిల్లు చూపించి ఉంటే ఆ నంబరు ఆమెకే అతుక్కుంటుంది. ఇల్లు ఖాళీ చేసి రెండేళ్లయినా వదలదు. ఒక్క నెల బిల్లు చూపించి లాభం లేదు, లెక్క 12 నెలల సగటు మీద. కాబట్టి 12 నెలల బిల్లుల వివరం, ఇంటి యజమాని రాతపూర్వక ప్రకటన, ఆ సర్వీసు నంబరు నుంచి ఆధార్ తీసేయమని డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) సెక్షన్ ఆఫీసులో ఇచ్చిన అర్జీ రసీదు, మూడూ ఉండాలి.

మిగతా జల్లెడల్లో తరచూ జరిగేవి ఇవి. కారు అమ్మేశారు కానీ ఫారం 29, 30 ఆర్టీఏలో దాఖలు కాలేదు, రికార్డులో ఇంకా పాత యజమానిదే. బ్యాంకు లోను కోసం రిటర్ను వేశారు, కట్టిన పన్ను సున్నా, అయినా పన్ను చెల్లింపుదారు అని పడింది. అన్నదమ్ములు భూమి పంచుకున్నారు, మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) కాలేదు, మొత్తం పెద్దాయన పేరునే కనబడుతోంది. కొడుక్కి పెళ్లయి వేరుగా ఉంటున్నాడు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లో (ఎవరు ఏ కుటుంబమో రాసిన ప్రభుత్వ రికార్డులో) ఇంకా తల్లి దగ్గరే ఉన్నాడు, అతని ఉద్యోగం వల్ల తల్లి పింఛను ఆగింది. వీళ్లలో ఒక్కరూ అబద్ధం చెప్పలేదు.

వైకల్యం పింఛన్లలో ఇంకా జాగ్రత్త కావాలి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో సదరం సర్టిఫికెట్లు (వైకల్యం ఎంత శాతమో చెప్పేవి) ఉన్నవారిని తిరిగి పరీక్షించి, 40 శాతం కంటే తక్కువ అని తేలినవారికి ఆగస్టులో నోటీసులిచ్చారు. ఆందోళనల తర్వాత అప్పీలు చేసుకున్నవారికి పింఛను కొనసాగించారు. మొదటి డాక్టరు 45 అన్నచోట రెండో డాక్టరు 35 అంటే అది ఇద్దరు డాక్టర్ల అంచనాల తేడా కావచ్చు. లంచమిచ్చి తెచ్చుకున్న సర్టిఫికెట్లూ ఉన్నాయి. వాటి గురించి రాయాలంటే సంతకం పెట్టిన డాక్టరును, మధ్యలో నిలిచిన దళారిని పట్టుకుని రాయాలి. నడవలేని మనిషి ఫొటో కింద ‘దొంగ దివ్యాంగుడు’ అని ఎప్పుడూ వేయకండి.

పెద్ద అంకె, గొప్ప సంస్థ నుంచి వచ్చినా ఇదే పరీక్ష పెట్టండి. 2023 ఆగస్టులో ఉచిత వైద్య పథకం ఆయుష్మాన్ భారత్ మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వచ్చినప్పుడు, 7.49 లక్షల మంది 9999999999 అనే ఒకే ఫోన్ నంబరుతో నమోదయ్యారన్న వాక్యమే దేశమంతా శీర్షికైంది. ఫోన్ నంబరు ఆధారంగా అర్హత తేల్చలేదని జాతీయ ఆరోగ్య సంస్థ జవాబిచ్చింది. ఖాళీ గడి నింపడానికి ఆపరేటర్లు ఏదో ఒకటి కొట్టే అలవాటు ఏ మీసేవలోనైనా కనిపిస్తుంది. అదే నివేదికలో, చనిపోయినట్టు నమోదైన 3,446 మంది పేరున 6.97 కోట్ల రూపాయలు చెల్లించారన్న భాగం ఉంది. తవ్వి చూడాల్సింది అది, ఎందుకంటే అక్కడ డబ్బు చేతులు మారింది, ఆసుపత్రి పేరు, తేదీ ఉన్నాయి. శీర్షిక దాటి ఆ పేజీ వరకు వెళ్లినవాళ్లు తక్కువ.

4. ‘ఆదా’ లెక్కను మీరే వేయండి, డబ్బు నిజంగా ఎటు పోతోందో చూడండి

తెలంగాణలో మనిషికి 6 కిలోలు. ముగ్గురున్న కార్డుకు నెలకు 18 కిలోలు. ప్రభుత్వానికి కిలో 40 రూపాయలు పడుతుందనుకుంటే నెలకు 720, ఏడాదికి 8,640. పదివేల కార్డులు తీసేస్తే 8.64 కోట్లు ఆదా అని ప్రకటన వస్తుంది. ఇక్కడ ఒక్క ప్రశ్న: తీసేయకముందు ఆరు నెలల్లో ఆ కార్డుల మీద ఈ-పోస్‌లో ఎన్ని లావాదేవీలు జరిగాయి? ఏమీ జరగకపోతే ఆ బియ్యం అంతకుముందే మిగిలింది. దుకాణంలో మిగిలిన నిల్వను క్లోజింగ్ బ్యాలెన్స్‌గా చూపి వచ్చే నెల కోటాలో తగ్గిస్తారు. ఎప్పుడూ బయటికి వెళ్లని బియ్యాన్ని ఆదా చేశామనడం కుదరదు. లావాదేవీలు జరిగి ఉంటే మాత్రం అసలు విచారణ అప్పుడే మొదలవ్వాలి: మనిషి లేకుండా వేలిముద్ర ఎవరు వేశారు?

పెద్ద మొత్తాలు పోయేచోట సాధారణంగా లబ్ధిదారుడు ఉండడు. కార్డుదారుల దగ్గర బియ్యం కొని, మిల్లులో మళ్లీ పాలిష్ పట్టి, కస్టమ్ మిల్లింగ్ బియ్యంగా (ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి ఇచ్చే బియ్యంగా) తిరిగి గోదాముకో, ఎగుమతికో పంపడం పాత వ్యాపారం. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో ‘స్టెల్లా ఎల్’ ఓడలో రేషన్ బియ్యం వ్యవహారం బయటపడింది. ఇలా బియ్యం పట్టుకున్న ప్రతిసారీ 6ఏ కేసు పెట్టామని చెబుతారు. నిత్యావసర వస్తువుల చట్టంలో 6ఏ అంటే పట్టుకున్న సరుకును జప్తు చేసే విచారణ మాత్రమే. శిక్ష పడాలంటే సెక్షన్ 7 కింద ప్రాసిక్యూషన్ జరగాలి. కాబట్టి జిల్లాలో గత మూడేళ్లలో ఎన్ని 6ఏ కేసులు, ఎన్ని ప్రాసిక్యూషన్లు, ఎంతమందికి శిక్ష అని అడగండి. ఈ మూడు అంకెలను తొలగించిన కార్డుల అంకె పక్కన పెడితే ప్రభుత్వం ఎవరి మీద గట్టిగా ఉందో పాఠకుడికే తెలుస్తుంది.

రుజువు ఎలా దొరుకుతుందో తెలంగాణ గొర్రెల పంపిణీ మీద కాగ్ చేసిన తనిఖీ చూపిస్తుంది. గొర్రెలు తరలించినట్టు బిల్లుల్లో రాసిన వాహనాల నంబర్లను రవాణా శాఖ రికార్డుతో పోల్చితే వాటిలో ద్విచక్ర వాహనాలు తేలాయి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టడమే ఆ పని. ఆ పద్ధతి మీకూ అందుబాటులోనే ఉంది: డీలరు స్టాకు రిజిస్టరు, దుకాణం ముందు బోర్డు, ఈ-పోస్ లావాదేవీల పట్టిక.

రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఎఫ్‌ఐఆర్ పడితే ‘నిందితుడు’, తీర్పు వచ్చాకే ‘దోషి’. సున్నితమైనవి తప్ప ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది, కాబట్టి ప్రెస్‌నోట్ మీద ఆధారపడక అసలు కాగితం చదవండి. 2024 జూలై 1 తర్వాతి నేరమైతే మోసానికి 420 అని రాయకండి, భారతీయ న్యాయ సంహితలో అది 318. ఇక, కార్డులు తిరిగొచ్చిన రోజున కూడా అదే పేజీలో, అదే సైజులో వార్త వేయమని డెస్కును అడగండి. ఈ పని చేసే పత్రికలు చాలా తక్కువ, అందుకే పోయిన పరువు తిరిగి రాదు.

5. మీ పేరే పోతే

బియ్యం ఇచ్చే రోజున డీలరు ‘మీ కార్డు లేదు’ అంటే అక్కడితో ఇంటికి వచ్చేయకండి. ఈ-పోస్ తెరమీద ఏమొచ్చిందో ఫోన్లో ఫొటో తీసుకోండి. ‘కార్డు రద్దు’, ‘సభ్యుడు తొలగింపు’, ‘వేలిముద్ర సరిపోలలేదు’ మూడూ వేర్వేరు జబ్బులు. మూడోదానికి దరఖాస్తే అక్కర్లేదు, ఐరిస్‌తోనో, కుటుంబంలో ఇంకొకరి వేలిముద్రతోనో అదే రోజు బియ్యం తీసుకోవచ్చు.

మొదటి రెండింటిలో అదే వారం మీసేవలో లేదా సచివాలయంలో కార్డు స్థితి ప్రింటు తీయించండి. అందులో కారణం ఒక్క ముక్కలో ఉంటుంది. ఆ ముక్కకు సరిపోయే కాగితమే జత చేయండి. వాహనం అని ఉంటే ఆదాయ ధ్రువపత్రం ఇచ్చి లాభం లేదు, చాలా అర్జీలు ఇక్కడే వీగిపోతాయి. వాహనమే లేకపోయినా, అమ్మేసినా ఆర్టీఏ రికార్డు, భూమి అయితే 1బీ (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రెవెన్యూ నకలు), పన్ను అయితే సున్నా పన్ను చూపే రిటర్ను, వైకల్యం అయితే పాత సర్టిఫికెట్టు, ఆసుపత్రి కాగితాలు. వినికిడి కేసుల్లో బెరా పరీక్ష (శబ్దానికి నరాల స్పందనను యంత్రంతో కొలిచేది) చేయించమని అప్పీలులోనే రాయండి, అది మనిషి చెప్పే జవాబు మీద ఆధారపడదు.

అర్జీ రెండు ప్రతులు చేయండి. తహసీల్దారు కార్యాలయంలో ఒకటి ఇచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పింఛనైతే ఎంపీడీఓ లేదా మున్సిపల్ కమిషనర్. తర్వాత సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణ అయితే ప్రజావాణిలో, ఆంధ్ర అయితే పీజీఆర్‌ఎస్‌ (ప్రజా ఫిర్యాదుల వేదిక)లో నమోదు చేయించి నంబరు తీసుకోండి. ఆంధ్రలో 1100కు, రేషన్ విషయమైతే 1967కు ఫోన్ చేసినా నంబరు ఇస్తారు. నంబరు లేని ఫిర్యాదు చేయనట్టే.

అదే రోజు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10. దారిద్య్రరేఖకు దిగువనున్నవారికి ఎక్కడా లేదు. ‘ఎందుకు తీసేశారు’ అని ప్రశ్నలా రాస్తే దాటేస్తారు. కాగితాలే అడగండి:

‘ఫలానా నంబరు కార్డును రద్దు చేసిన ఉత్తర్వు నకలు. రద్దుకు ఆధారంగా తీసుకున్న రికార్డు నకలు. రద్దుకు ముందు నాకిచ్చిన నోటీసు, అది నాకు అందినట్టు సంతకమున్న కాగితం నకలు. క్షేత్ర విచారణ నివేదిక నకలు, విచారించిన అధికారి హోదా, తేదీ. నా విషయంలో తీసుకున్న నిర్ణయానికి కారణాలు సెక్షన్ 4(1)(డి) ప్రకారం తెలపగలరు.’

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో మొదటి అప్పీలు. నోటీసు అందినట్టు కాగితం చూపలేకపోతే అదే మీ చేతిలో బలమైన ఆయుధం. వివరణ అడగకుండా హక్కు తీసేశారని దాన్నే పైన చూపించాలి.

అర్జీ కదలకపోతే ఆహార భద్రత చట్టం 2013 కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాయండి. సాధారణంగా జాయింట్ కలెక్టర్ లేదా అదనపు కలెక్టర్ స్థాయివారు ఈ బాధ్యతలో ఉంటారు. ఆయన చెప్పినా కింది అధికారి చేయకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ 5,000 రూపాయల వరకు జరిమానా వేయగలదు. అర్జీలో సెక్షన్ 33 అని ఒక్క మాట రాస్తే ఫైలు కదిలే వేగం మారుతుంది. అక్కడా ఆగితే 15100కు ఫోన్ చేసి న్యాయ సేవాధికార సంస్థను అడగండి. స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు.

తీసుకున్న డబ్బు తిరిగి కట్టమని నోటీసు వస్తే భయపడి వెంటనే వాయిదా కట్టకండి. మొదటి వాయిదా కడితే తప్పు ఒప్పుకున్నట్టు రాసుకోవచ్చు. 2024 జూలైలో తెలంగాణలో ఆసరా పింఛన్ల రికవరీ నోటీసుల మీద గొడవ రేగాక ప్రభుత్వమే వాటిని ఆపింది. ఏ నెల నుంచి ఏ నెల వరకు, ఏ నియమం కింద, ఎంత అన్న పట్టిక రాతపూర్వకంగా అడగండి. అది చేతికొచ్చే వరకు నోటీసుకు జవాబులో ‘లెక్క అందలేదు’ అని మాత్రమే రాసి, ముద్ర వేయించుకుని, ఆ ప్రతిని బ్యాంకు పాసు పుస్తకంలో పెట్టి దాచండి.